సైన్యం సొమ్ము, పేటెంటు కాగితం, పిన్ని గాజులు

(స్త్రీల ఆరోగ్య హక్కుల మీద జరిగిన కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'సైనిక పరిశోధనలు, పేటెంట్లు'. పొద్దున టీల దగ్గర ఒకావిడ, "మేం పొదుపు సంఘాల్లో పనిచేసేవాళ్ళం, రోగుల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్ళం. మాకెందుకండీ ఈ మిసైళ్ళ గొడవ?" అని నవ్వుతూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మిసైళ్ళ సంగతి ఎక్కువగా ఎత్తను. మాత్రల గురించి మాట్లాడతాను.

2015లో మా బాబాయికి ప్రొస్టేట్ క్యాన్సర్ ముదిరిపోయిందని తేలింది. డాక్టరు ఎంజాలుటమైడ్ అనే మందు రాశారు. మాకు దొరికింది ఎక్స్‌టాండి అనే ఒక్క బ్రాండే. నెలకి లక్షల్లో ఖర్చు. మొదటి నెల బాబాయి రిటైర్మెంటు సొమ్ము పోయింది. రెండో నెల కొడుకు అప్పు తెచ్చాడు. మూడో నెల పిన్ని గాజులు వెళ్ళిపోయాయి. నాలుగో నెల మందు ఆగిపోయింది. "ఇంక అమ్మడానికి ఇంట్లో ఏం లేదు" అన్న మాట పైకి అన్నది పిన్ని. ఆ మాట అనగలిగే ధైర్యం ఇంట్లో మగవాళ్ళెవరికీ లేకపోయింది. బాబాయి పోయాక పదిహేను రోజులపాటు వచ్చిన బంధువులు మాత్రం "మొగుడికి మందు మాన్పించింది" అని గుసగుసలాడుకున్నారు. జబ్బు మగవాళ్ళది, బిల్లూ నిందా ఆడవాళ్ళవి. ఈ లెక్క మీకు నేను కొత్తగా చెప్పక్కరలేదు.

నేను సోషియాలజీ చదువుకున్నదాన్ని. రసాయనశాస్త్రం రాదు. అయినా ఆ పదిహేను రోజుల్లో ఏదో ఒకటి చెయ్యాలనిపించి ఆ మందు పేటెంటు కాగితం తీసి చదివాను. అమెరికా పేటెంటు నెంబరు 77,09,517. 2010లో ఇచ్చారు. హక్కుదారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. తోక చుక్కల్లాంటి రసాయన సూత్రాల మధ్య, మొదట్లోనే ఒక చిన్న పేరా వుంది. ఈ ఆవిష్కరణ అమెరికా ప్రభుత్వ సహాయంతో జరిగిందనీ, ఆ సహాయం రెండు చోట్ల నుంచి అందిందనీ, ప్రభుత్వానికి ఇందులో కొన్ని హక్కులున్నాయనీ దాని సారాంశం. ఒకటి వాళ్ళ జాతీయ ఆరోగ్య సంస్థల గ్రాంటు. రెండోది రక్షణ శాఖది. బ్రాకెట్లో 'ఆర్మీ' అని కూడా రాసి వుంది.

నాకు ఆశ్చర్యమేసింది. మా పిన్ని గాజులకీ అమెరికా సైన్యానికీ ఏమిటి సంబంధం? అసలు సైన్యానికి క్యాన్సర్ మందుతో పనేమిటి?

ఆ ప్రశ్న పట్టుకుని వెళితే నేను చేరింది ఆయుధాగారానికి కాదు, ఒక స్త్రీల ఉద్యమానికి. ఈ కథ మన దగ్గర పెద్దగా తెలియదు కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

1991లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలూ, వాళ్ళ సంఘాలూ కలిసి నేషనల్ బ్రెస్ట్ క్యాన్సర్ కొయలిషన్ అనే సమాఖ్య పెట్టుకున్నారు. గులాబీ రిబ్బన్లు, పరుగు పందాలు అప్పటికింకా ఈ స్థాయిలో లేవు. ఎయిడ్స్ రోగులు వీధుల్లోకి వచ్చి పరిశోధనా విధానాన్నే ప్రశ్నించడం వీళ్ళు చూశారు. 'మా జబ్బు మీద ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతోంది?' అని అడగడం మొదలుపెట్టారు. ఆ ఏడాది దేశంలో లక్షా 75 వేలమందికి ఈ క్యాన్సర్ వస్తుందని అంచనా. ఒక్కొక్కరి తరఫున ఒక ఉత్తరం చొప్పున లక్షా 75 వేల ఉత్తరాలు పంపాలనుకున్నారు. ఆరు లక్షలు దాటాయి.

1992లో ఇంకో మంచి పని చేశారు. శాస్త్రవేత్తలని పిలిచి, 'మీకు నిజంగా ఎంత డబ్బు వుంటే పనికొస్తుంది?' అని అడిగి విచారణ జరిపారు. అదనంగా 30 కోట్ల డాలర్లు అన్న లెక్క వచ్చింది. ఆ లెక్క పట్టుకుని పార్లమెంటు సభ్యుల గదుల చుట్టూ తిరిగారు. 'డబ్బు లేదు' అన్నారు వాళ్ళు. డబ్బు లేక కాదు. 1990లో చేసిన బడ్జెట్ చట్టం రక్షణ వ్యయానికీ దేశీయ వ్యయానికీ మధ్య గోడ కట్టింది. అప్పటికి సోవియట్ యూనియన్ కూలిపోయింది, ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది, అయినా రక్షణ పద్దు కింద వున్న సొమ్ము ఆరోగ్యం పద్దులోకి మళ్ళించడానికి వీల్లేదు. అప్పుడు టామ్ హార్కిన్ అనే సెనేటర్ ఒక దారి చూశాడు. ఈయన అక్కచెల్లెళ్ళిద్దరూ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. గోడ దూకనివ్వకపోతే గోడకి అవతలే వుంచుదాం, పరిశోధనని సైన్యం చేతే చేయిద్దాం అన్నాడు. అంతకు ముందటి బడ్జెట్లో సైన్యంలోని స్త్రీలకి మామోగ్రఫీ పరీక్షల పేరుతో రెండున్నర కోట్ల డాలర్లు ఎలాగూ పడి వున్నాయి. దాన్ని ఆసరాగా తీసుకుని 21 కోట్ల డాలర్లు రక్షణ శాఖ పద్దులో రొమ్ము క్యాన్సర్ పరిశోధనకి కేటాయించారు.

సైన్యాధికారులు తలలు పట్టుకున్నారు. కానీ కాదనలేకపోయారు. ఆ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. మొదలైన నాటి నుంచి 400 కోట్ల డాలర్లకి పైగా దాని ద్వారా ఖర్చయ్యాయి. ఆ దారిలోనే 1997లో ప్రొస్టేట్ క్యాన్సర్‌కీ, అండాశయ క్యాన్సర్‌కీ రక్షణ శాఖలో కార్యక్రమాలు మొదలయ్యాయి. మా బాబాయి మందు పేటెంటులో కనిపించిన ఆర్మీ గ్రాంటు ఈ దారిన వచ్చిందే. ఆరు లక్షల ఉత్తరాలు రాసిన స్త్రీలు వేసిన దారి అది.

వాళ్ళు సాధించిన ఇంకో విషయం వుంది. ఏ పరిశోధనకి డబ్బివ్వాలో నిర్ణయించే సమీక్షా మండళ్ళలో, 1990ల మధ్య నుంచి, రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలు ఓటు హక్కుతో కూర్చుంటున్నారు. సలహాదారులుగా కాదు, కేవలం కన్నీటి కథలు చెప్పడానికి కాదు. శాస్త్రవేత్తలతో సమానంగా మార్కులు వేస్తారు. మన దగ్గర ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లో మహిళా సభ్యురాలి చేత సంతకం పెట్టించుకునే పద్ధతి తెలిసిన నాకు ఇది చిన్న విషయంగా కనబడదు.

ఇంతవరకూ వింటుంటే సంతోషంగానే వుంది కదా. నాకూ అలాగే అనిపించింది. మన స్త్రీవాదుల్లో కొందరు ఇక్కడే అభ్యంతరం చెప్తారు. సైన్యం సొమ్ముతో స్త్రీల ఆరోగ్యమా, అది సైన్యానికి మంచిపేరు కొనిపెట్టడం కాదా అని. ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే రక్షణ పద్దు కింద వున్నదీ మన డబ్బే. చనిపోతున్న స్త్రీని 'ఆ డబ్బు మైలది, ముట్టుకోకు' అనే హక్కు నాకున్నదని నేను అనుకోను. నా గొడవ వేరు. వాళ్ళు డబ్బు అడిగారు, మండలిలో స్థానం అడిగారు. రెండూ వచ్చాయి. కానీ ఆ డబ్బుతో తయారయ్యే వస్తువు ఎవరిది, దాన్ని ఎంతకి అమ్మాలి అన్న షరతు మాత్రం ఆ కేటాయింపులో చేరలేదు.

చేరకపోవడానికి కారణం వుంది. 1980లో అమెరికా బే-డోల్ చట్టం చేసింది. అంతకు ముందు ప్రభుత్వ సొమ్ముతో జరిగిన ఆవిష్కరణల మీద యాజమాన్యం ఒక్కో శాఖలో ఒక్కో రకంగా వుండేది. చాలా పేటెంట్లు ప్రభుత్వం పేరనే వుండేవి. ఈ చట్టం వచ్చాక డబ్బు ప్రభుత్వానిదైనా పేటెంటు విశ్వవిద్యాలయం తీసుకోవచ్చు. తీసుకుని ఏ కంపెనీకైనా, అది ఒక్కదానికే చెందేట్టు, లైసెన్సు ఇచ్చుకోవచ్చు. ప్రజలకి మిగిల్చినవి రెండు. ప్రభుత్వం తన అవసరాలకి రుసుము లేకుండా వాడుకునే లైసెన్సు ఒకటి. ఆ ఆవిష్కరణ జనానికి సహేతుకమైన షరతుల మీద అందకపోతే ప్రభుత్వం జోక్యం చేసుకుని వేరేవాళ్ళకి లైసెన్సు ఇప్పించే హక్కు రెండోది. పేటెంటు కాగితంలో 'ప్రభుత్వానికి కొన్ని హక్కులున్నాయి' అన్న మాటకి అర్థం ఇదే.

ఆ హక్కులు ఏమయ్యాయో ఎంజాలుటమైడ్ విషయంలో చూడండి. విశ్వవిద్యాలయం మెడివేషన్ అనే కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. మెడివేషన్ జపాన్ కంపెనీ ఆస్టెల్లాస్‌తో కలిసింది. 2012లో మందు అమ్మకానికి వచ్చింది. 2016 నాటికి అమెరికాలో ఏడాది మందు ధర లక్షా 29 వేల డాలర్లు దాటింది. మిగతా సంపన్న దేశాల ధరలకి అది రెండు నుంచి నాలుగు రెట్లు. అదే ఏడాది విశ్వవిద్యాలయమూ, శాస్త్రవేత్తలూ తమ రాయల్టీ హక్కుని 114 కోట్ల డాలర్లకి ఒక పెట్టుబడి సంస్థకి అమ్ముకున్నారు. అందులో విశ్వవిద్యాలయం వాటా 52 కోట్లు. అదే ఏడాది ఫైజర్ కంపెనీ దాదాపు 1,400 కోట్ల డాలర్లు పెట్టి మెడివేషన్‌నే కొనేసింది. పన్ను కట్టినవాళ్ళు ఈ బేరంలో ఎక్కడా లేరు.

2016లో పౌర సంఘాలు ఆరోగ్య శాఖకీ, రక్షణ శాఖకీ అర్జీ పెట్టాయి. జోక్యం చేసుకోండి, మీకు హక్కుంది కదా అన్నాయి. ఒక కెనడా కంపెనీ మాత్ర 3 డాలర్లకే ఇస్తానని ముందుకొచ్చింది. అర్జీ తోసిపుచ్చారు. తర్వాత రోగులే మళ్ళీ అర్జీ పెట్టుకున్నారు. 2023 మార్చిలో జాతీయ ఆరోగ్య సంస్థలు మళ్ళీ కాదన్నాయి. మందు మార్కెట్లో విస్తారంగా దొరుకుతోంది కాబట్టి జోక్యం అక్కరలేదన్నాయి. దొరకడం వేరు, కొనగలగడం వేరు అని మా పిన్నిని అడిగితే చెప్పేది. 1980లో చట్టంలో రాసుకున్న ఆ జోక్యపు హక్కుని 2023 నాటికి ఒక్కసారి కూడా వాడలేదు. ఇంకో చిన్న సంగతి. జాతీయ ఆరోగ్య సంస్థలు కంపెనీలతో చేసుకునే పరిశోధనా ఒప్పందాల్లో 1989 నుంచి 'సహేతుకమైన ధర' అనే షరతు వుండేది. 1995లో దాన్నీ తీసేశారు.

మన దేశంలో ఈ కథ వేరే మలుపు తిరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇక్కడా ఈ మందు మీద పేటెంటు అడిగింది. ఇక్కడి మందుల కంపెనీలూ మరికొందరూ ముందస్తు అభ్యంతరాలు దాఖలు చేశారు. 2016 నవంబరులో మన పేటెంటు కార్యాలయం దరఖాస్తుని తిరస్కరించింది. విశ్వవిద్యాలయం ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. అక్కడి విద్యార్థులే 'పేదదేశం మీద ఈ వ్యాజ్యం మనకెందుకు, మానుకోండి' అని తమ యాజమాన్యానికి చెప్పారు. తర్వాత ఇక్కడి కంపెనీల మాత్రలు తక్కువ ధరకి బజారులోకి వచ్చాయి. మా బాబాయికి అవి అందలేదు. పేటెంటు ఇవ్వడానికి ముందే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చని మన చట్టంలో రాసుకున్న సెక్షన్ 25 ఎంత విలువైనదో నాకు అప్పుడు తెలిసింది. 'ఎవరైనా' అంటే మన సంఘాలు కూడా.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. సైనిక పరిశోధనలో స్త్రీలు డబ్బు అడిగినవాళ్ళుగానూ, మందు కొన్నవాళ్ళుగానూ మాత్రమే లేరు. పని చేసినవాళ్ళుగా కూడా వున్నారు. వాళ్ళ పేర్లు పేటెంట్ల మీద లేవు.

ఎనియాక్ అనే కంప్యూటరు గురించి విని వుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కకట్టే పట్టికలు అమెరికా సైన్యానికి కావలసి వచ్చాయి. ఒక్క గుండు దారి లెక్కకట్టడానికి మనిషికి ముప్ఫై, నలభై గంటలు పట్టేది. ఆ లెక్కలు కట్టింది గణితం చదివిన యువతులు. వాళ్ళ ఉద్యోగం పేరే 'కంప్యూటర్'. 1943లో సైన్యం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి డబ్బిచ్చి ఆ పని చేసే యంత్రం కట్టమంది. యంత్రం కట్టారు. దాని చేత లెక్క చేయించడం ఎలాగో కనిపెట్టింది ఆరుగురు స్త్రీలు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మాన్. వాళ్ళకి పాఠ్యపుస్తకం లేదు, నేర్పేవాళ్ళు లేరు. యంత్రం పటాలు చేతికిచ్చి మీరే చూసుకోండి అన్నారు. 1946 ఫిబ్రవరిలో పత్రికలవాళ్ళ ముందు, పెద్దల ముందు యంత్రాన్ని ప్రదర్శించినప్పుడు అందరినీ మురిపించిన గుండు లెక్క రాసింది బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్. ఆ రాత్రి జరిగిన విందుకి వాళ్ళకి పిలుపు లేదు. నలభై ఏళ్ళ తర్వాత ఒక విద్యార్థిని పాత ఫొటోల్లో యంత్రం పక్కన నిలబడ్డ ఈ స్త్రీలెవరని అడిగితే, ఫ్రిజ్ అమ్మకాల ప్రకటనల్లో నిలబెట్టే మోడళ్ళ లాంటివాళ్ళని సమాధానం వచ్చింది.

యంత్రం పేటెంటుకి ఇద్దరు మగ ఇంజనీర్లు, ఎకర్ట్, మాక్లీ, 1947 జూన్‌లో దరఖాస్తు పెట్టారు. 1964లో వచ్చింది. అప్పటికి అది ఒక పెద్ద కంపెనీ చేతిలో వుంది. ఆ కంపెనీ మిగతా కంప్యూటరు కంపెనీల నుంచి రాయల్టీలు అడగడం మొదలుపెట్టింది. హనీవెల్ అనే కంపెనీ కోర్టుకెక్కింది. 1973 అక్టోబరులో న్యాయమూర్తి లార్సన్ ఆ పేటెంటు చెల్లదన్నాడు. అందులోని మూల ఆలోచన అంతకు ముందే అటనసాఫ్ అనే ఆయన దగ్గర నుంచి వచ్చిందన్నది ఒక కారణం. దరఖాస్తుకి ఏడాది కంటే ముందే యంత్రాన్ని పనిలో పెట్టేశారు, నలుగురికీ చూపించేశారు అన్నది ఇంకో కారణం. 1945 చివర్లో అణ్వాయుధ శాస్త్రవేత్తల లెక్కలు దాని మీద చేయించారు. ఫిబ్రవరి ప్రదర్శన సంగతి చెప్పాను కదా. ఆ వాడకం, ఆ ప్రదర్శన ఎవరి చేతుల మీదుగా నడిచాయో ఇప్పుడు మీకు తెలుసు. ఏ కాగితం మీదా పేరు లేని స్త్రీల పని, చివరికి ఆ కాగితాన్ని చించడానికి ఒక సాక్ష్యమైంది. స్త్రీల చరిత్ర చదివేటప్పుడు ఇలాంటి తృప్తి మనకి తరచుగా దొరకదు కాబట్టి చెప్పాను. మళ్ళీ మన దారిలోకి వస్తాను.

జికా జ్వరం సంగతి గుర్తుందా? 2015లో బ్రెజిల్‌లో గర్భిణీ స్త్రీలకి సోకి, పుట్టిన పిల్లలకి తలలు చిన్నవై, మెదళ్ళు ఎదగక, ప్రపంచమంతా భయపడింది. కొన్ని దేశాల్లో ప్రభుత్వాలు స్త్రీలని గర్భం వాయిదా వేసుకోమన్నాయి. గర్భస్రావం నేరమైన చోట ఆ సలహా ఏం పనికొస్తుందో మనం మాట్లాడుకున్నాం కూడా. అమెరికా సైన్యపు వాల్టర్ రీడ్ పరిశోధనా సంస్థ ఒక టీకా తయారు చేసింది. దాన్ని అభివృద్ధి చెయ్యడానికి ఫ్రెంచి కంపెనీ సనోఫీకి ప్రభుత్వమే 4 కోట్ల 30 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ పైన పేటెంట్ల మీద ఆ ఒక్క కంపెనీకే లైసెన్సు ఇవ్వబోయింది. సరిహద్దులు లేని వైద్యులూ, పౌర సంఘాలూ, కొందరు సెనేటర్లూ అడ్డం తిరిగారు. 'అందుబాటు ధరకే అమ్ముతానని రాసివ్వమనండి' అన్నారు. సైన్యం కంపెనీని అడిగింది. కంపెనీ ఒప్పుకోలేదు. 2017లో జికా తగ్గుముఖం పట్టింది, ప్రభుత్వం నిధులు తగ్గించింది, సనోఫీ పని ఆపేసింది. భయపడిన స్త్రీల చేతికి ఏమీ రాలేదు. ఆ నిధుల మీదా, ఆ లైసెన్సు మీదా నిర్ణయం తీసుకున్న చోట గర్భం మోసే మనిషి ఒక్కరూ లేరని నేను రూఢిగా చెప్పలేను గానీ, వాళ్ళ మాట చెల్లలేదని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు మన వూరికి వద్దాం. మన హైదరాబాదు దేశంలో సైనిక పరిశోధనకి ఒక రాజధాని. డి.ఆర్.డి.ఎల్., డి.ఎం.ఆర్.ఎల్., రీసెర్చ్ సెంటర్ ఇమారత్, అన్నీ ఇక్కడే. ఇక్కడి నుంచి మామూలు జనానికి పనికొచ్చేవి రాలేదని నేను అనను. 1990లలో మిసైలు కోసం చేసిన తేలిక పదార్థంతో నిమ్స్‌లో పోలియో పిల్లలకి కాలిపర్లు తయారు చేశారు. మూడు కిలోలకి పైన వున్న బరువు మూడు వందల గ్రాములకి దిగిందని అబ్దుల్ కలాం చాలాసార్లు చెప్పుకున్నారు. కాళ్ళకి ఇనుము కట్టుకుని నడిచే పిల్లని ఎత్తుకు తిరిగిన తల్లికి అది ఎంత మాటో నాకు తెలుసు.

కానీ 2021 మే నెల గుర్తు తెచ్చుకోండి. రెండో వేవ్. రక్షణ పరిశోధనా సంస్థ డి.ఆర్.డి.ఓ. వారి ఢిల్లీ ప్రయోగశాల, మన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ కలిసి 2-డిజి అనే పొడి తెచ్చాయి. అంతకు ముందు ఏడాది ప్రయోగశాలలో చేసిన తొలి పరీక్షల్లో మన సి.సి.ఎం.బి. కూడా పాలుపంచుకుంది. మే 1న అత్యవసర అనుమతి వచ్చింది. 17న రక్షణ మంత్రి విడుదల చేశారు. నెలాఖరుకి ప్యాకెట్టు ధర 990 రూపాయలని ప్రకటించారు, ప్రభుత్వాసుపత్రులకి తగ్గింపు అన్నారు. ఆ పదార్థం కొత్తది కాదు, దశాబ్దాలుగా శాస్త్రవేత్తలకి తెలిసిందే. ప్రయోగ ఫలితాల పూర్తి పత్రం అప్పటికి ఏ పరిశోధనా పత్రికలోనూ అచ్చు కాలేదు. అయినా ప్యాకెట్ల కోసం జనం పరుగులు పెట్టారు. పరుగులు పెట్టించింది దాని గుణం కంటే దాని మీద వున్న 'రక్షణ' అన్న మాటే అని నా అనుమానం. ఎన్ని మంగళసూత్రాలు తాకట్టుకి వెళ్ళాయో ఆ నెలలో మనలో చాలామందిమి కళ్ళారా చూశాం.

ఆ ఒప్పందంలో ప్రజలకి మిగిల్చిన హక్కేమిటి? 990 అన్నది ఏ లెక్క మీద వచ్చింది? అడుగుదామంటే సమాచార హక్కు చట్టం అడ్డొస్తుంది. 2005 చట్టం సెక్షన్ 24 కింద, రెండో షెడ్యూలులో వున్న సంస్థలకి ఆ చట్టం వర్తించదు. డి.ఆర్.డి.ఓ. ఆ జాబితాలో వుంది. అవినీతి ఆరోపణలకీ, మానవ హక్కుల ఉల్లంఘనలకీ మాత్రమే మినహాయింపు. మిసైలు నమూనా రహస్యంగా వుంచండి, నేను అడగను. కానీ జ్వరం మందు ధర కూడా అదే తలుపు వెనక దాక్కుంటే ఎలా? దీనికి పక్కనే ఇంకో ఉదాహరణ పెట్టి చూడండి. కోవాక్సిన్ టీకా ఐ.సి.ఎం.ఆర్., భారత్ బయోటెక్ కలిసి చేశాయి. ఐ.సి.ఎం.ఆర్. ఆ షెడ్యూలులో లేదు. నికర అమ్మకాల మీద 5 శాతం రాయల్టీ తీసుకుంటున్నామని ఆ సంస్థ బయటికి చెప్పవలసి వచ్చింది. 2024లో ఆ కంపెనీ పేటెంటు దరఖాస్తులో ఐ.సి.ఎం.ఆర్. శాస్త్రవేత్తల పేర్లు లేవని గొడవై, తర్వాత చేర్చారు. చూపించిన చోట కనీసం గొడవ పడగలిగాం.

మరి పేటెంటు కాగితంలోనైనా తెలుస్తుందా అంటే, అమెరికాలో ప్రభుత్వ సొమ్ము వాడితే ఆ మాట పేటెంటులో రాయాలన్న నిబంధన వుంది. అక్కడా ఎగ్గొడతారనుకోండి. మోడర్నా కంపెనీకి 2013లో సైనిక పరిశోధనా సంస్థ డార్పా రెండున్నర కోట్ల డాలర్ల దాకా మంజూరు చేసింది. 2020లో నాలెడ్జ్ ఎకాలజీ ఇంటర్నేషనల్ అనే సంస్థ వెతికితే ఆ కంపెనీ పేటెంట్లలో ఆ మాట కనబడలేదు. కానీ ఎగ్గొట్టారని పట్టుకోవడానికి అక్కడ ఒక నిబంధన వుంది. మన దరఖాస్తుల్లో ఆ గడే లేదు. 2008 డిసెంబరులో బే-డోల్ చట్టాన్ని చూసి రాసిన బిల్లు ఒకటి రాజ్యసభలో పెట్టారు. శాస్త్రవేత్తలు, ప్రజారోగ్య సంఘాలు గట్టిగా వ్యతిరేకించారు. అది చట్టం కాలేదు. మంచిదే అయింది. కానీ దాని స్థానంలో ప్రజల పక్షాన ఏం రాయాలో మనమూ రాయలేదు. స్త్రీల సంఘాల తరఫున ఒక్క కాగితమైనా వెళ్ళిన గుర్తు నాకు లేదు. నన్నూ కలుపుకునే చెప్తున్నాను. అప్పుడు నా బల్ల మీద గృహహింస చట్టం కేసులు వున్నాయి, పేటెంట్లు మగ లాయర్ల పని అనుకున్నాను.

చివరగా కేరళ సంగతి ఒకటి. 2022లో రొమ్ము క్యాన్సర్ వున్న ఒక స్త్రీ కేరళ హైకోర్టుకి వెళ్ళారు. రైబోసిక్లిబ్ అనే మందుకి నెలకి 58,140 రూపాయలు అవుతోంది, నేను భరించలేను, ప్రభుత్వం తన అధికారాలు వాడి ఇతర కంపెనీల చేత చేయించాలి అన్నారు. మన 1970 పేటెంట్ల చట్టంలో ఆ అధికారాలున్నాయి. సెక్షన్ 92 కింద తప్పనిసరి లైసెన్సు ఇప్పించవచ్చు. సెక్షన్ 100 కింద పేటెంటు వున్న ఏ ఆవిష్కరణనైనా ప్రభుత్వం తన అవసరాలకి వాడుకోవచ్చు. రైబోసిక్లిబ్ మీద సైన్యానికి హక్కుందని నేను అనడం లేదు. దాని పేటెంటు కంపెనీదే. అయితే ఆ తరగతి మందుల్లో మొదటిదైన పాల్బోసిక్లిబ్ రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఎలా పనిచేస్తుందో తేల్చిన ప్రయోగశాల పనికి సాయం చేశామని, ఇందాక చెప్పిన సైనిక రొమ్ము క్యాన్సర్ కార్యక్రమం చెప్పుకుంటుంది. దారి చూపించింది ప్రజల సొమ్ము, ఆ దారిలో టోల్ గేటు వేరేవాళ్ళది. ఆ స్త్రీ 2022 సెప్టెంబరులో, కేసు తేలకుండానే చనిపోయారు. విషయం ముఖ్యమైనదని కోర్టు తనంత తానుగా కేసు కొనసాగించింది.

తప్పనిసరి లైసెన్సు మన దేశంలో జరగని పనేమీ కాదు. 2012 మార్చిలో నెక్సావర్ అనే క్యాన్సర్ మందు మీద మన హైదరాబాదు నాట్కో కంపెనీకే ఇచ్చారు. నెలకి 2,80,428 రూపాయల మందు 8,880కి దిగింది. ఆ తర్వాత మళ్ళీ ఆ పని చెయ్యడానికి ఎందుకు చెయ్యి రాలేదో మనం అడగాలి.

నా దగ్గర ఒక ప్రతిపాదన వుంది, మధ్యాహ్నం చర్చలో తిట్టడానికి మీకు పనికొస్తుంది. ప్రజల సొమ్ముతో, అది రక్షణ శాఖదైనా సరే, తయారైన మందో పరికరమో వస్తే ఒప్పందం నకలు, ధర లెక్క, డబ్బిచ్చినవాళ్ళ పేరు బయటపెట్టాలని ఒక మెమొరాండం రాద్దాం. డి.ఆర్.డి.ఓ.ని అడగడానికి వీల్లేకపోతే, ఆ మందు కొన్న ఆరోగ్య శాఖని అడగొచ్చు. కొనుగోలు పత్రాలు వాళ్ళ దగ్గర వుంటాయి, వాళ్ళు షెడ్యూలులో లేరు. నిజామాబాదు నుంచి వచ్చిన మిత్రులు ఇప్పటికే జిల్లా ఆసుపత్రి కొనుగోళ్ళ మీద దరఖాస్తులు పెడుతున్నారని విన్నాను. ఎలా పెట్టారో, ఏ జవాబు వచ్చిందో వాళ్ళనే చెప్పమంటాను.

మా పిన్నికి ఆ పేటెంటు కాగితం చూపించాను. ఇంగ్లీషు రాదు ఆవిడకి. 'ప్రభుత్వానికి ఇందులో కొన్ని హక్కులున్నాయి' అన్న చోట వేలు పెట్టి చదివి చెప్పాను. "హక్కుంటే మరి ఎందుకు అడగలేదు?" అంది. ఆ పేజీ జిరాక్సులు తెచ్చాను, ఆ వాక్యం కింద గీత గీసి వుంది. తలుపు దగ్గర బల్ల మీద వున్నాయి, తలా ఒకటి తీసుకోండి.